జంగు పట్టిన నిప్పల్ మార్చడం

(నల్లగొండలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ విద్యార్థులు, లారీ డ్రైవర్లు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం, ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. మాట తీరు పెద్దగా మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. డ్రైవర్ అన్నలు ముందు వరుసలో కూర్చున్నారు, తమ్ముళ్లేమో వెనక గోడకు ఆనుకున్నారు. పర్వాలేదు, వినిపిస్తే చాలు.

ఈ రోజు ఇంజన్ మొత్తం గురించి చెప్పను. ఒకే ఒక్క ముక్క గురించి మాట్లాడతా. ఇదిగో, నా చేతిలో ఉన్నది. పాత లారీలో వాటర్ హోస్ ఎక్కించే నిప్పల్. వేలెడంత ఉంటుంది. ఒక పక్క మర, ఇంకో పక్క హోస్ తొడిగే మూతి. నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచేది థర్మోస్టాట్, దాని హౌసింగ్ మీద, అంటే పై డొప్ప మీద ఒకటి ఉంటుంది, వాటర్ పంపు దగ్గర ఒకటి, చాలా బండ్లలో గాలి బ్రేకు కంప్రెసర్‌కు నీళ్లు వెళ్లే చోట రెండు. కంప్రెసర్ సంగతి చాలామంది మర్చిపోతారు. అది కూడా ఇంజన్ నీళ్లతోనే చల్లబడుతుంది, దానికీ సన్న హోసులు ఉంటాయి, అక్కడి నిప్పల్స్ ఎవరి కంటికీ కనపడవు. కనపడవు కాబట్టే అవి ముందు కుళ్లుతాయి.

ఇది పాడైతే లారీ ఎక్కడ ఆగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాడపల్లిలో సిమెంటు లోడు ఎత్తుకుని, మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీల ఎండలో నార్కట్‌పల్లి వైపు వస్తుంటారు. లేదా మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లి, తిరుగు దారిలో డ్యాం దాటాక ఈగలపెంట ఘాట్ రోడ్డు ఎక్కుతుంటారు. చల్లగా ఉన్నప్పుడు చుక్క చుక్కగా కారే నిప్పల్, ప్రెషర్ ఎక్కితే పుసుక్కున ఊడుతుంది.

అప్పుడు ఒక చిత్రం జరుగుతుంది, డ్రైవర్ అన్నలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. నీళ్లు పోయాక టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కాలి కదా? ఒక్కోసారి ఎక్కదు, కిందికి పడిపోతుంది. ఎందుకంటే ఆ మీటరుకు సమాచారం పంపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా పని చేస్తుంది. నీళ్లే లేకపోతే అది ఆవిరిలో, గాలిలో ఉండి తక్కువ చూపిస్తుంది. ముల్లు చల్లగా ఉందని చెబుతుంటుంది, లోపల హెడ్డు, అంటే ఇంజన్ పై భాగం, కాలిపోతుంటుంది. నడుస్తున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి, పక్కకు తీసి ఆపండి. ఆపాక రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్డు పగులుతుంది. చల్లారే దాకా చెట్టు కింద కూర్చోండి. లోడు ఆలస్యం అవుతుందని ఓనర్ ఫోన్లో అరిస్తే అరవనివ్వండి.

సరే, ఈ ముక్క ఎందుకు కుళ్లింది? అది తెలియకుండా మారిస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పని.

మన నల్లగొండలో ఏది పాడైనా ఫ్లోరైడ్ మీదికి తోస్తాం. ఫ్లోరైడ్ మన పళ్లను, ఎముకలను పాడుచేసింది, మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో తరాలు వంగిపోయాయి, నిజమే. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. కానీ రేడియేటర్ దగ్గరకు వస్తే అసలు దోషి వేరు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడికి తెల్లటి పెచ్చు కడతాయి. ఆ పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. నీళ్లలో ఉండే క్లోరైడ్ లోహాన్ని చిన్న చిన్న గుంటలుగా తొలుస్తుంది. ఇనుముకు, అల్యూమినియానికి ఈ క్లోరైడ్ పడదు.

ఇంకో మాట. మన దగ్గర ఊరూరా ఆర్వో ప్లాంట్లు ఉన్నాయి. 20 లీటర్ల డబ్బా నీళ్లు రేడియేటర్‌లో పోస్తే బోరు నీళ్ల కంటే వంద రెట్లు నయం. కానీ ఆ ప్లాంటు వెనక పైపులో నుంచి ఊరికే పోయే నీళ్లు ఉంటాయి చూడండి, బండ్లు కడగడానికి పట్టుకుంటారు, అవి పోయొద్దు. ఆర్వో తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చిక్కగా ఉంటుంది. అది పోస్తే బోరు నీళ్లే మేలు అనిపిస్తుంది. మంచి నీళ్లు ఒక్కటే పోసినా సరిపోదు, కూలెంట్ కలపాలి. జంగును, అంటే తుప్పును, ఆపే మందు కూలెంట్‌లోనే ఉంటుంది.

మన లారీ వాళ్లలో చాలామందికి కూలెంట్ అంటే చలి దేశాల వాళ్ల వ్యవహారం అని ఒక నమ్మకం. గడ్డ కట్టకుండా ఉండటం దాని ఒక పని మాత్రమే. సగం సగం కలిపితే అది మరిగేది 100 దగ్గర కాదు, మామూలు గాలి ఒత్తిడిలోనే దాదాపు 107, 108 డిగ్రీల దగ్గర. పైన ప్రెషర్ మూత ఉంటే ఇంకా పైకి. ఎండాకాలంలో మనకు కావాల్సింది అదే. అందులోని మందు కాలంతో పాటు అరిగిపోతుంది. రంగు పచ్చగానే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. రంగును బట్టి కూలెంట్‌ను గుర్తుపట్టొద్దు, రెండు రంగులు కలపొద్దు. కంపెనీ కంపెనీకి రంగు మారుతుంది.

రెండో కారణం, రెండు రకాల లోహాలు ఒక్క చోట చేరడం. హౌసింగ్ అల్యూమినియం. దాంట్లో హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చిన ఇత్తడి నిప్పల్ బిగించారు. రెండిటి మధ్య ఉప్పు నీళ్లు. ఇదే బ్యాటరీ. ఇందులో ఓడిపోయేది అల్యూమినియం. నిప్పల్ నిగనిగలాడుతూ ఉంటుంది, చుట్టూ ఉన్న హౌసింగ్ తెల్లటి పిండిగా రాలుతుంది. బీడు, అంటే పోత ఇనుము బ్లాకులో ఇత్తడి అయితే అంత భయం లేదు, ఇనుము చాలా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పోతుంది. అన్నిటికంటే చెడ్డది నీళ్ల పైపుల షాపులో దొరికే జీఐ నిప్పల్. దాని మీది జింకు పూతకు, కూలెంట్‌కు పడదు. పూత ఊడి బురదలా రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. చవక అని తెచ్చి బిగించిన బండ్లు మన షెడ్లలో కనీసం నాలుగు కనిపిస్తాయి. దాని మీద ఎం-సీల్ ముద్ద. (నవ్వులు) నవ్వకండి, మీలో ఎవరు పెట్టారో నాకు తెలుసు.

ఇప్పుడు విప్పే పని. అసలు కష్టం ఇక్కడే. కొత్తది బిగించడం పది నిమిషాల పని. పాతది తీయడంలో ఓపిక పోతే, నిప్పల్‌తో పాటు హౌసింగ్ కూడా కొనాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. రేడియేటర్ కింద నీళ్లు వదిలే కాక్ విప్పి, వెడల్పు తొట్టిలో కూలెంట్ పట్టండి. నేల మీద వదలొద్దు. ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. షెడ్డు ముందు తిరిగే కుక్కలు, మేకలు నాకితే చస్తాయి. పట్టిన కూలెంట్ తుప్పు రంగులో ఉంటే లోపల ఏం జరుగుతోందో అదే చెబుతోంది, దాన్ని మళ్లీ పోయకండి.

హోస్‌ను లాగొద్దు. ఏళ్లు గడిచిన రబ్బరు లోహానికి అంటుకుపోతుంది. లాగినకొద్దీ నిప్పల్ వంగుతుంది, కుళ్లిన చోట విరుగుతుంది. కత్తితో నిలువుగా కోసి పెచ్చులా తీసేయండి. ఎలాగూ కొత్త హోస్ వేస్తాం కదా. వేయకపోతే ఈ పనికి అర్థం లేదు.

తర్వాత వైర్ బ్రష్‌తో మర చుట్టూ శుభ్రం చేసి, జంగు వదిలించే నూనె కొట్టండి. స్ప్రే డబ్బా లేకపోతే డీజిల్ అయినా సరే. కొట్టి వెంటనే పానా పట్టుకోకండి, రాత్రంతా వదిలేయండి. మధ్యలో ఒకటి రెండు సార్లు మళ్లీ కొట్టి, నిప్పల్ తల మీద చిన్న సుత్తితో టకటకమని తట్టండి. గట్టిగా కాదు. ఆ అదురుకు మర సందుల్లో జంగు పగిలి, నూనె లోపలికి దిగుతుంది.

పొద్దున వచ్చి మొదట విప్పడానికి కాదు, బిగించడానికి ఒక వెంట్రుకవాసి తిప్పండి. కదిలిందా, సగం పని అయిపోయింది. తర్వాత అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడిస్తూ తీయండి. ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది జారి తల గుండ్రం చేస్తుంది. పైపు పానా పెట్టక తప్పకపోతే, ముందు నిప్పల్ బొక్కలో సరిగ్గా పట్టే బోల్టునో, రాడ్డునో దూర్చండి. లోపల బోలుగా ఉన్న ముక్కను పైపు పానా అణిచేస్తుంది, అణిగిందంటే మర ఇంకా బిగుసుకుంటుంది.

వేడి పెట్టాల్సి వస్తే నిప్పల్ మీద కాదు, చుట్టూ ఉన్న హౌసింగ్‌కు పెట్టాలి. బొక్క పెద్దదవ్వాలి, ముక్క కాదు. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, అది మనకు లాభం. కానీ ఒక ప్రమాదం ఉంది. ఇనుము వేడెక్కితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఎర్రబడదు. 660 డిగ్రీల దగ్గర ఏ సూచనా ఇవ్వకుండా కుప్పకూలుతుంది. కాబట్టి గ్యాస్ కట్టర్ దాని దగ్గరకు తేవొద్దు. మామూలు బ్లో ల్యాంపు చాలు, అదీ కదుపుతూ. నూనె కొట్టి ఉన్నారు, పక్కన డీజిల్ పైపులు ఉన్నాయి, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకోండి.

అన్నీ చేసినా ఒక్కోసారి తల విరిగి, మర ముక్క లోపలే ఉండిపోతుంది. ఇక్కడ కుర్రాళ్లు చేసే పని నాకు తెలుసు, విరిగిన ముక్కను పట్టి తీసే ఈజీ ఔట్ అనే పనిముట్టు తెచ్చి గట్టిగా తిప్పుతారు. అది గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు. నిప్పల్‌కు మధ్యలో బొక్క ఉండటం మనకు కలిసొచ్చే విషయం. హ్యాక్సా బ్లేడు ముక్క ఒకటి విరిచి, గుడ్డ చుట్టి పట్టుకుని, లోపలి నుంచి నిలువుగా కోయండి. హౌసింగ్ మర తగిలే ముందు ఆపాలి. చివర్లో కోతలో రాలే పొడి వేరే మెరుపుతో వస్తుంది, అది చూస్తే అర్థమవుతుంది. దానికి ఎదురుగా ఇంకో కోత. తర్వాత సన్న ఉలితో లోపలి వైపుకు ఒత్తితే, ముక్క ముడుచుకుని వదిలేస్తుంది. టైం పడుతుంది. చెమటలు పడతాయి. కానీ హౌసింగ్ బతుకుతుంది.

బీడు బ్లాకులో విరిగితే, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టడం ఇంకా తేలిక. ఆ వేడికే సగం వదులవుతుంది. అయితే ముందే బ్యాటరీ వైరు విప్పండి.

ముక్క వచ్చాక సంతోషంలో మర్చిపోయే పని ఒకటుంది. లోపలికి గుడ్డ దూర్చి, మర కోసే ట్యాపుకు గ్రీజు పూసి మరను శుభ్రం చేయండి. ఆ గ్రీజుకు పొడి అంటుకుని బయటికి వస్తుంది. ఇనుప రజను నీళ్లలోకి వదిలితే అది వెళ్లి వాటర్ పంపు సీలును కొరుకుతుంది.

ఇప్పుడు కొత్త ముక్క. తమ్ముళ్లూ, ఇక్కడ కాస్త ముందుకు జరగండి.

షాపుకు వెళ్లి "అర ఇంచు నిప్పల్ ఇవ్వు" అంటారు. అర ఇంచు పైపు మరను వెర్నియర్‌తో కొలిస్తే ఎక్కడా అర ఇంచు రాదు, బయట దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. పైపు లోపలి బొక్కను బట్టి పాతకాలంలో పెట్టిన లెక్క అది. అదైనా నయం. అసలు చిక్కు, అర ఇంచు మరలు రెండు రకాలున్నాయి.

మన రోడ్ల మీది లారీల పుట్టుక చూడండి. టాటా వాళ్లు 1954లో జర్మనీ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. జర్మనీ అంటే మిల్లీమీటర్ల మర. మద్రాసులో అశోక్ లేలాండ్ బ్రిటిష్ లేలాండ్ సాయంతో వచ్చింది. బ్రిటన్ అంటే బీఎస్‌పీ మర. 1993లో టాటా కమిన్స్ వచ్చింది, అది అమెరికా డిజైన్. అమెరికా అంటే ఎన్‌పీటీ మర. విట్‌వర్త్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1841లో మర కోణం 55 డిగ్రీలు అన్నాడు, అమెరికాలో సెల్లర్స్ 1864లో 60 అన్నాడు. వాళ్లిద్దరి పంచాయితీ ఇంకా మన షెడ్డులో నడుస్తోంది.

అర ఇంచు, ముప్పావు ఇంచు సైజుల్లో బీఎస్‌పీకి, ఎన్‌పీటీకి రెండిటికీ ఇంచుకు 14 మరలే. అందుకే ఒకటి ఇంకోదాంట్లో ఎక్కుతుంది. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి, బిగుసుకుంటుంది. పట్టిందని అనుకుంటారు. కోణం వేరు కాబట్టి సందు మిగులుతుంది, ఎంత టేపు చుట్టినా కారుతుంది. ఇంకా బిగిస్తే అల్యూమినియం చీలుతుంది. పావు ఇంచు, 3/8 ఇంచులో అయితే ఒకదానికి 19, ఇంకోదానికి 18 మరలు, అవి మొదట్లోనే మొరాయిస్తాయి, ఆ లెక్కన అవే మంచివి. మన ఊరి హార్డ్‌వేర్ షాపులో దొరికేది బీఎస్‌పీ. అది కమిన్స్ హెడ్డులోకి సరిపోదు. మర గేజి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. పాత ముక్కను పారేయకుండా షాపుకు తీసుకెళ్లండి. బండి పుట్టుక ఒక అంచనా మాత్రమే, మధ్యలో ఎవరో లేత్ మీద మర మార్చి ఉండొచ్చు. గేజి చెప్పిందే మాట.

లోహం సంగతి ఇందాక చెప్పా. కంపెనీ ముక్క దొరికితే అదే. దొరక్కపోతే బీడులోకి ఇత్తడి, అల్యూమినియంలోకి ప్లేటింగ్ ఉన్న ఉక్కు. లేత్ మీద చేయిస్తే హోస్ మూతి దగ్గర చిన్న గట్టు పెట్టమనండి. ఆ గట్టు లేకపోతే హోస్ జారుతుంది. పాత వాటిలో ఆ గట్టు కిందే గుంటలు పడి ఉంటాయి. క్లిప్పు ఎంత బిగించినా కారుతోందంటే కారణం ఆ గుంటలే.

టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కులోనే చుట్టాలి, రెండు మూడు చుట్లు. మొదటి మర వదిలేయండి, లేకపోతే టేపు తెగి నీళ్లలో కొట్టుకుపోతుంది. చేత్తో బిగిసేదాకా తిప్పి, తర్వాత పానాతో ఒకటిన్నర, రెండు చుట్లు, చాలు. ఇది కోసుగా, అంటే చివరికి సన్నబడుతూ ఉండే మరకు. గాస్కెట్ వాషర్ మీద కూర్చునే సమాన మరకు టేపు పని చేయదు, వాషర్ మార్చాలి. హోస్ క్లిప్పు గట్టుకు వెనక ఉండాలి, గట్టు మీద కాదు. బైండింగ్ వైరు చుట్టేవాళ్లు చేతులెత్తండి. (నవ్వులు) వైరు రబ్బరును కోస్తుంది.

నీళ్లు నింపడం మీకు తెలిసిందే. నెమ్మదిగా పోయండి, గాలి బుడగలు పోవాలి, మూత తీసి ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం చూసి మళ్లీ పోయండి. సాధారణంగా 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, పై హోస్ ఉన్నట్టుండి వేడెక్కితే తెరుచుకున్నట్టే. ఒకసారి వేడెక్కి చల్లారాక క్లిప్పును మళ్లీ బిగించండి, రబ్బరు సర్దుకుంటుంది కాబట్టి వదులవుతుంది.

ఇక ప్రశ్నలు. చెప్పు అన్నా.

(ఒక డ్రైవర్: థర్మోస్టాట్ తీసేస్తే బండి వేడెక్కదని మా మేస్త్రి తీసేశాడన్నా. తప్పా?)

తప్పే. ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, పిస్టన్ ఆడే గొట్టాలు, అవే లైనర్లు, అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూస్తుంది. అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరుగుతాయి, ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. కొత్తది వేయించుకో. వేసే ముందు మరిగే నీళ్లలో వేలాడదీసి తెరుచుకుంటుందో లేదో చూడమను.

(ఒక విద్యార్థి: సార్, నిప్పల్ మార్చాక కూడా రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టేనా?)

అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. అందరూ వెంటనే హెడ్డు విప్పుతారు. ముందు కంప్రెసర్‌ను అనుమానించు. దాని హెడ్ గాస్కెట్ పోతే బ్రేకుల కోసం పట్టే గాలి నీళ్లలోకి వచ్చేస్తుంది. కంప్రెసర్‌కు వెళ్లే రెండు హోసులను విప్పి, ఒకదానికొకటి కలిపేయి. ఇంజన్‌ను స్లోలో రెండు నిమిషాలు నడుపు, అంతకంటే ఎక్కువ వద్దు, నీళ్లు లేకుండా కంప్రెసర్ వేడెక్కుతుంది. బుడగలు ఆగాయా, కంప్రెసర్ గాస్కెట్ మార్చు. ఆగలేదంటే అప్పుడు హెడ్డు బోల్టుల దగ్గరకు పద.